మొక్కు చీర, ఎంగిలి నోరు

పోయిన వారం అనంతమ్మను మనం వనపర్తి పోయే బస్సులో, కిటికీ పక్కన, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతుండగా వదిలేశాం. పక్కన భర్త జోగయ్య, ఆయన ఒళ్ళో ఎక్స్‌రేల సంచి. గద్వాలలో వాళ్ళ ఇంట్లో, మగ్గం మీద, జములమ్మ అమ్మవారికి మొక్కిన చీర సగంలో ఆగి ఉంది. ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళకు ఇంకొన్ని సంగతులు చెప్పాలి. పాత పాఠకులు జర ఓపిక పట్టండి.

అనంతమ్మ మనవరాలు సాయిశ్రీ నెలలు నిండకుండా పుట్టింది. పుట్టగానే గాజు పెట్టెలో పెట్టారు. దవాఖాన వరండాలో నిలబడి అనంతమ్మ, "అమ్మా జములమ్మా, ఈ పిల్ల ఇల్లు చేరితే నా చేత్తోని చీర నేసి నీకు పెడత" అని మొక్కింది. పిల్ల ఇల్లు చేరింది. ఇప్పుడు ఇల్లంతా పాకుతూ, అందిన దారపు కండెనల్లా నోట్లో పెట్టుకుంటోంది. జాతర కూడా దగ్గరికొచ్చింది. చీర మాత్రం పూర్తి కాలేదు.

గద్వాల చీర ఒంటిచేత్తో అయ్యే పని కాదు. నడుమ నూలు, అంచుకు పట్టు, రెండూ కలిసేచోట పోగును పోగుతో పెనవేయాలి. దాన్నే కుట్టు అంటారు. అందుకని గుంట మగ్గంలో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఈ ఇంట్లో కుడి పీట జోగయ్యది, ఎడమ పీట అనంతమ్మది. పెళ్ళైన ఏడాది నుంచీ అంతే. ఒకరు లేస్తే రెండోవారు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

మామూలు చీరైతే అత్త బదులు కోడలు దీపిక కూర్చునేది. రాజోలి పిల్ల, పుట్టిల్లు కూడా మగ్గాల ఇల్లే. మొక్కు చీరకు అది కుదరదు. మొక్కిన చెయ్యే నెయ్యాలి. ఆ వీధిలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మొక్కు చీర నేసేవాళ్ళు తలస్నానం చేసి, ఏమీ తినకుండా మగ్గం ఎక్కాలి. దిగేదాకా నోట్లో ఏదీ పడకూడదు. ఎంగిలి నోటితో ఒక్క పోగు వేసినా బట్టను అక్కడికి కోసేసి మళ్ళీ మొదలుపెట్టాలి. దీనికంతటికీ కాపలా కిష్టయ్య, వీధికి పెద్దమనిషి. ఆయన వేళ్ళతో తడిమి చూసి సరేనంటేనే ఏ మొక్కు చీరైనా గుడికి పోతుంది.

ఇక అనంతమ్మ దగ్గు సంగతి. పెళ్ళైన కొత్తలో టీబీ వచ్చింది. మందులు పూర్తిగా మింగింది, తగ్గింది. కానీ పోతూ పోతూ ఆ జబ్బు కుడి ఊపిరితిత్తిలో కింది గొట్టాలను సాగదీసి వదులు చేసి పోయింది. అప్పటి నుంచి ఆమెకు దగ్గు ఇంటి మనిషి లెక్క. మొక్కు చీర మొదలుపెట్టాక ఆ దగ్గు హద్దు మీరింది. కర్నూలులో ఒక డాక్టరు చూసి, మగ్గం దగ్గర దూది ధూళి పడుతోంది, మగ్గం మానేసి విశ్రాంతి తీసుకోమన్నాడు. విశ్రాంతి ఇవ్వడమంటే మనవాళ్ళకు తెలిసింది ఒక్కటే, కడుపునిండా పెట్టి పడుకోబెట్టడం. జోగయ్య, దీపిక ఆ పని చాలా శ్రద్ధగా చేశారు. అనంతమ్మ చెంబు కూడా ఎత్తకుండా చూసుకున్నారు. మగ్గం ఆగింది, ధూళి ఆగింది, దగ్గు మాత్రం రెట్టింపైంది. సగం చీర అమ్మవారికి కోపం తెప్పించిందని జోగయ్య అనుకున్నాడు. అనంతమ్మ ఇంకేదో అనుకుంది. ఆమె అనుకున్నది ఎవరికీ చెప్పలేదు.

ఇదీ ఇప్పటిదాకా జరిగింది.

వనపర్తిలో ఊపిరితిత్తుల డాక్టరు పేరు ఇమ్మానుయేల్. నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు, మధ్యలో ఫోన్ మోగితే తీయడు. ఎక్స్‌రేలన్నీ వెలుతురుకు పెట్టి చూశాడు. వీపు మీద స్టెతస్కోప్ పెట్టి ఊపిరి తీసుకోమన్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి అడగడం మొదలుపెట్టాడు.

"దగ్గు ఏ వేళ ఎక్కువమ్మా?"

"పండుకుంటె ఎక్కువ సార్" అన్నాడు జోగయ్య.

"మగ్గం మానేశాక?"

"ఇంకా జాస్తి అయింది సార్. పొద్దుగాల గొంతు కూడ పోతుంది. పిలిస్తె పలుకు రాదు."

"అన్నం తిన్నాక ఎంతసేపటికి పడుకుంటారు?"

"తిన్నంక ఏముంటది సార్, పండుకునుడే. రెస్టు తీస్కోమన్నరు గదా. మేం ఇంట్ల ఒక్క పని చెయ్యనిస్తలేం" అన్నాడు జోగయ్య, కాస్త గర్వంగానే.

"మీరు బాగా చూసుకుంటున్నారు. ఇప్పుడు ఆమెను మాట్లాడనివ్వండి" అన్నాడు డాక్టరు.

జోగయ్య నోరు మూసుకున్నాడు. పెళ్ళానికి బదులు తాను మాట్లాడటం తప్పని ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

"అమ్మా, ఛాతీలో మంట ఉంటుందా? పుల్లటి నీళ్ళు గొంతులోకి, నోట్లోకి వస్తాయా?"

అనంతమ్మ పక్కకు, భర్త చేతుల వైపు చూసింది. ఆ చేతులు ఎక్స్‌రేల సంచిని మడత పెడుతున్నాయి.

"లేదు సారూ" అంది.

అబద్ధం. ఎందుకు ఆడిందో చెప్పాలంటే ఆమెను ఒకసారి మగ్గంలో కూర్చోబెట్టి చూడాలి. కాళ్ళు గుంటలో ఉంటాయి. నేసిన బట్ట చుట్టుకునే దోనె కడుపుకు ఎదురుగా ఉంటుంది. కుట్టు దగ్గర పోగు అందుకోవడానికి ముందుకు వంగినప్పుడల్లా ఆ దోనె డొక్క కింద ఒత్తుతుంది. చీర పెరిగేకొద్దీ చుట్ట లావవుతుంది, ఇంకా గట్టిగా ఒత్తుతుంది. అప్పుడు కడుపులోంచి పుల్లటి నీళ్ళు గొంతుదాకా ఎగదన్నుతాయి, ఒక్కోసారి నాలుక మీదికే వస్తాయి. ఉమ్మాలంటే గుంటలోంచి లేచి బయటికి పోవాలి. ఆమె లేస్తే ఆయన పని ఆగుతుంది. మగ్గం దగ్గర ఉమ్మడమంటే ఆ ఇళ్ళల్లో ఎవరూ ఊహించని పని. కాబట్టి మింగేస్తుంది. మింగి, పోగు అందుకుంటుంది. కొడుకు సాయినాథ్ కడుపులో ఉన్నప్పటి నుంచీ మింగుతూనే ఉంది. మంట ఎక్కువైతే ఇంత వంట సోడా నీళ్ళలో కలుపుకుని తాగుతుంది. దాన్ని జబ్బు అనుకోలేదు. మగ్గం మీద నడుము నొచ్చినట్టు ఇదీ ఒకటి అనుకుంది.

మామూలు చీరలకు ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు. మొక్కు చీర మీద కూర్చున్నాక ఆమెకు భయం పట్టుకుంది. కడుపులోంచి నోట్లోకి వచ్చింది ఎంగిలా కాదా? ఎవరినైనా అడిగితే తెలిసేది. అడిగితే కిష్టయ్య ఏమంటాడో ఆమెకు ముందే తెలుసు. చీర కోస్తారు. చీర కోస్తే పిల్ల మీద మొక్కు తప్పినట్టు. అందుకని మూతి బిగించి నేసింది.

ఆ బిగించిన మూతిని డాక్టరు తెరవమన్నాడు.

"ఆ... అనండి. ఇంకొంచెం." టార్చి వేసి చూశాడు. "చింతపండు, నిమ్మకాయ ఎక్కువ తింటారా?"

"పులుపు పడనే పడదు సార్" జోగయ్య ఉండబట్టలేకపోయాడు. "చారుల చింతపండు ఏసినా తినది."

"మరి ఈ పళ్ళు లోపలివైపు ఇట్లా ఎందుకు అరిగాయి? పులుపు రోజూ తగిలేవాళ్ళకు ఇట్లా అవుతాయి. బయటి నుంచి తినకపోతే లోపలి నుంచి వస్తున్నట్టే కదా."

డాక్టరు ఒక్క క్షణం ఇద్దరినీ చూశాడు. ఏమనుకున్నాడో, "జోగయ్యగారూ, మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అన్నాడు.

జోగయ్య లేవబోయాడు. అనంతమ్మ ఆయన చొక్కా పట్టుకుంది.

"వద్దు సారూ. ఉండనియ్యుండ్రి. ఆయన ముంగటనే చెప్త." ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. చెప్పేటప్పుడు మాత్రం ఎక్కడా తడబడలేదు. "వస్తయ్ సారూ. పుల్లటి నీళ్ళు. నోట్లకు గూడ వస్తయ్. నేను మింగుత."

"ఎప్పటి నుంచి?"

"శానా ఏండ్లు. నా కొడుకు కడుపుల ఉన్నప్పటి సంది."

"మగ్గం మీద ఉన్నప్పుడు కూడానా?"

"మగ్గం మీదనే ఎక్కువ సారూ."

జోగయ్య నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆయనకు గుర్తూ రాలేదు.

డాక్టరుకు మొక్కు సంగతి తెలియదు. ఆయన తన పని తాను చేశాడు. కాగితం మీద పొట్ట బొమ్మ గీశాడు, దాని పైన గొట్టం గీశాడు. గొట్టం కింద మూసుకోవాల్సిన మూత వదులైందని చెప్పాడు. పడుకున్నప్పుడు పులుపు ఆ గొట్టంలోంచి పైకి పాకి, చుక్క చుక్కగా ఊపిరి గొట్టంలోకి దిగుతోందని అనుమానమని చెప్పాడు. "మీ కుడివైపు ఊపిరితిత్తికి పాత దెబ్బ ఉంది. అది పూర్తిగా బాగవదు, నేను అబద్ధం చెప్పను. కానీ పాత పుండు మీద రోజూ నిమ్మకాయ పిండితే ఏమవుతుంది? అదే జరుగుతున్నట్టుంది. పిండడం ఆపగలిగితే దగ్గు తగ్గొచ్చు. కొన్ని వారాలు మందు వాడి చూద్దాం, అవసరమైతే గొట్టం వేసి కడుపు లోపల చూపిద్దాం."

"ఆపకపోతే?" జోగయ్య అడిగాడు.

"మళ్ళీ మళ్ళీ నిమ్ము చేస్తుంది. ప్రతిసారీ ఊపిరితిత్తి ఇంకొంచెం పాడవుతుంది. పోయింది తిరిగి రాదు."

తర్వాత ఆమె మగ్గం మీద ఎట్లా కూర్చుంటుందో, ఎప్పుడు తింటుందో, మంటకు ఏం తాగుతుందో అడిగి తెలుసుకుని జాగ్రత్తలు చెప్పాడు. పీల్చే మందు ఎప్పటిలాగే పీల్చాలి. పొద్దున తినే ముందు ఒక గోళీ. సోడా మానెయ్యాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. దిండ్లు పేర్చితే నడుము దగ్గర వంగి కడుపు ఇంకా ఒత్తుకుంటుంది, కాబట్టి మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాలి. చివరికి ఆయన చెప్పింది ఏ నేతమనిషికైనా పండగలాంటి మాట. "మగ్గం మానక్కర్లేదమ్మా. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పీట కొంచెం ఎత్తు చేసుకోండి, దోనె కడుపుకు తగలకుండా కూర్చోండి. ఒక్కటే షరతు. ఖాళీ కడుపుతో మగ్గం ఎక్కొద్దు. రోజంతా పస్తుండి దిగాక ఒకేసారి తినడం మీకు విషం. మధ్య మధ్యలో కొంచెం కొంచెం తింటూ నెయ్యండి."

"తినకుంట నేస్తె నడ్వదా సార్?" అన్నాడు జోగయ్య. "కొన్ని దినాలు. జాతర దాక."

"ఇన్నాళ్ళూ తినకుండానే నేశారు కదా. అందుకే ఇక్కడికొచ్చారు" అని డాక్టరు తర్వాతి పేషెంటు కోసం గంట నొక్కాడు.

తిరుగు ప్రయాణంలో జోగయ్య ఒక్క మాట మాట్లాడలేదు. పెబ్బేరులో బస్సు ఆగితే దిగి, అరటిపండ్లు కొని ఆమె ఒళ్ళో పెట్టాడు. మళ్ళీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఒక పండు ఒలిచి, సగం తిని, సగం ఆయనకు చాపింది. ఆయన తీసుకోలేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ మీదుగా బస్సు పోతుంటే అందరూ నదికి దండం పెట్టుకున్నారు. ప్రతిసారీ లేచి నిలబడి మరీ దండం పెట్టే జోగయ్య కూర్చునే ఉన్నాడు.

"ఏమన్న అనయ్యా" అంది అనంతమ్మ. "తిట్టన్న తిట్టు."

"ఇంటికి పా" అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చింది, ఏడిస్తే దగ్గొస్తుందని ఆపుకుంది. నిజానికి ఆమె లోపల భయంతో పాటు కాస్త తేలిక కూడా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట నోటి బయట పడింది. ఇక మూతి బిగించి తిరగక్కర్లేదు.

ఇల్లు చేరేసరికి దీపిక గడపలో సాయిశ్రీని చంకనేసుకుని నిలబడి ఉంది. సాయినాథ్ ఇంకా పని నుంచి రాలేదు. "అత్తమ్మా, ఏమన్నడు డాక్టరు?" అంది. అనంతమ్మ నోరు తెరిచేలోపే జోగయ్య పెరట్లోకి పోయాడు. రెండు ఇటుకలు తెచ్చాడు. మంచం తలవైపు ఎత్తి, ఒక కోడు కింద ఒకటి, రెండో కోడు కింద ఇంకొకటి పెట్టాడు. చేత్తో ఊపి చూశాడు. కదలకుండా గట్టిగా ఉందని రూఢి చేసుకున్నాక కాళ్ళు కడుక్కుని, మగ్గం మీద కప్పిన పాత దుప్పటి తీశాడు. గూట్లోంచి కత్తెర అందుకున్నాడు.

"గిదేంది మామా?" దీపిక కంగారుపడింది. "కత్తెర ఎందుకు?"

"మీ అత్తను అడుగు."

అనంతమ్మ చెప్పింది. మగ్గం మీద పులుపు రావడం, మింగడం, మొక్కు చీర మీద కూర్చున్నప్పుడు కూడా మింగడం, డాక్టరు తింటూ నెయ్యమనడం, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. వింటూ దీపిక పిల్లను ఇంకా గట్టిగా హత్తుకుంది.

జోగయ్య దోనెకు చుట్టిన బట్టను విప్పాడు. గోధుమరంగు నూలు, నెమలికంఠం రంగు పట్టు అంచు, దాని మీద జరీ మామిడి పిందెలు. కుట్టు ఎక్కడా కనిపించడం లేదు, అంత నున్నగా కలిసింది.

"యాడికెళ్ళి?" అన్నాడు.

"ఏంది?"

"ఎంగిలి యాడికెళ్ళి పడ్డది? చూపెట్టు. ఆడిదాక కోస్త. మిగిలింది ఉంచుదం."

దారి చూపిస్తున్నాననుకున్నాడు పాపం. చీరలో కొంత భాగమైనా శుద్ధంగా ఉంటుందని ఆయన ఆశ. అనంతమ్మ బట్ట అంచు పట్టుకుని, మొదలు దగ్గర వేలు పెట్టింది.

"ఈడికెళ్ళి."

"మొదట్లనా?"

"మొదటి పోగు కెళ్ళి. గంతే కాదు. నీకు ఇంకోటి చెప్త విను. సాయినాథ్‌కు చిన్నప్పుడు మెదడు జ్వరం వస్తె అమ్మకు చీర మొక్కినం గదా. అది గూడ గిట్లనే నేసిన. ఈ పీట మీదనే కూసుని, మింగుకుంట నేసిన. అమ్మ ఆ చీర కట్టుకున్నదా లేదా? నీ కొడుకు బతికిండా లేదా?"

ఈ మాట ఆమె బస్సులోనే తయారు చేసుకుంది. దీనికి జవాబు ఉండదని నమ్మింది. జోగయ్య దగ్గర ఉంది.

"బతికిండు" అన్నాడు మెల్లగా. "చెవి పోయింది గదా. ఎడమ చెవి. ఎందుకు పోయిందా అని ఇన్నేండ్లు అనుకున్న. ఇయ్యాల తెలిసింది."

అనంతమ్మ మంచం మీద కూర్చుండిపోయింది. ఇటుకల మీద లేచిన మంచం ఆమెకు ఏటవాలుగా తోచింది. కొడుకు ఎడమవైపు నుంచి పిలిస్తే పలకడు. చిన్నప్పుడు బడిలో పంతులు కొట్టాడు, వినిపించుకోవడం లేదని. అన్నీ ఆమెకు ఒక్కసారే గుర్తొచ్చాయి. దగ్గు ముంచుకొచ్చింది. వంగి, గుండె పట్టుకుని, చాలాసేపు దగ్గింది. జోగయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. కత్తెర మాత్రం చేతిలోంచి దించలేదు. ఆయన చెడ్డవాడు కాదు. మనిషి ఒంటికి డాక్టరు చెప్పినట్టు, అమ్మవారి బట్టకు పెద్దలు చెప్పినట్టు నడవాలన్నది ఆయన లెక్క. రెండూ ఒకేసారి ఎట్లా నడవాలో ఆయనకు తెలియడం లేదు, ఆ కోపం కూడా ఉంది.

"పాపకు గూడ ఏమన్న అయితదని భయమైతున్నదా కోడలా?" అన్నాడు దీపికతో. "అందుకే కోస్తున్న. మల్ల కొత్త పడుగు ఎక్కిస్త. మీ అత్తకు నయమైనంక నేస్తది. వచ్చే జాతరకు పెడ్తం."

"నయం కాదంట గదా మామా."

జోగయ్య తలెత్తాడు.

"పాత దెబ్బ బాగవదని డాక్టరే చెప్పెనంట గదా. ఇప్పుడే అత్తమ్మ చెప్పింది. వచ్చే జాతరకు గూడ పస్తుండి నేస్తె ఇదే పులుపు, ఇదే దగ్గు. ఇయ్యాల కోస్తవు, వచ్చేయేడు గూడ కోస్తవు. ఎన్నిసార్లు కోస్తవు?"

"అంటె ఎంగిలి చీర పెట్టమంటవా అమ్మకు? నీ బిడ్డ కోసం మొక్కింది అది!"

"నా బిడ్డ కోసమే గదా. అందుకే నేను చెప్త." దీపిక భయం లేక కాదు, ఉండే మాట్లాడుతోంది. "ఒకటి చెప్పు మామా. మా ఆయన చెవి ఎప్పుడు పోయింది?"

"జ్వరంల."

"చీర ఎప్పుడు నేసిండ్రు?"

జోగయ్య బట్ట మడత సర్దాడు.

"జ్వరం తగ్గినంక మొక్కు తీర్చిండ్రు. మీరే చెప్పిండ్రు నాకు, పెండ్లైన కొత్తల. చెవి ముందల పోయింది, చీర తర్వాత నేసిండ్రు. మల్ల అత్తమ్మ నోటికీ ఆ చెవికీ ఏం సంబంధం? ఊకె ఎందుకు ఆమె మీద ఏస్తవ్?"

ఇంత చిన్న లెక్క ఆయనకు ఎందుకు తట్టలేదంటే, బాధలో ఉన్న మనిషి ముందూ వెనుకా చూడడు, దొరికినదాన్ని పట్టుకుంటాడు. జోగయ్య కత్తెర రెండు రెక్కలూ తెరిచి, మూశాడు.

దీపిక పిల్లను నేల మీద దించింది. వంటింట్లోకి పోయి జొన్నరొట్టె తెచ్చింది. పొద్దున చేసింది, ఎండి పెళుసుగా ఉంది, నూనె చుక్క లేదు. అత్త ముందు నిలబడింది.

"లెవ్వు అత్తమ్మా. మగ్గం ఎక్కు."

"దీపికా..." అంది అనంతమ్మ. ఆమె చూపు పిల్ల మీద ఉంది. "పిల్ల మొక్కు బిడ్డా ఇది. నీకు భయమైతలేదా?"

"అయితున్నది. మస్తు అయితున్నది. కానీ దాన్ని బతికియ్యమని నువ్వు వరండాల నిలబడి ఏడ్చినవు. అమ్మ ఆ నోటి మాటనే విన్నది గదా. పులిసిన నోరే అది. ఇప్పుడు అదే నోరు ఎంగిలి ఎట్లయితది?"

అనంతమ్మ లేచి, ముఖం కడుక్కుని, కొంగు నడుముకు దోపింది. దీపిక ఒక దిండును మడిచి ఎడమ పీట మీద వేసి ఎత్తు చేసింది. చాలా రోజుల తర్వాత అనంతమ్మ కాళ్ళు గుంటలోకి దిగాయి. పాదాలకు తొక్కుడు పలకలు తగలగానే ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రొట్టె అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తిన్న చేత్తో పట్టు ముట్టడం ఆమెకు ఇప్పటికీ కుదరని పని. దీపికకు అర్థమైంది. చిన్న ముక్క తుంచి, సాయిశ్రీకి పెట్టినట్టు, అత్త నోట్లో పెట్టింది.

అనంతమ్మ నమిలింది. నములుతూనే, పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలోకి తీసుకుని, కుడి పీట వైపు చూసింది. అది ఖాళీగా ఉంది. జోగయ్య దాని వెనుకే కత్తెర పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్కదాన్నే నెయ్యలేను" అంది. "నీకు తెలుసు."

"దిగు" అన్నాడు జోగయ్య. మాటలో బలం లేదు. "దిగు అనంతా. జర ఇను నా మాట."

అప్పుడే గడప దగ్గర చేతికర్ర చప్పుడైంది.

"ఏం జోగయ్యా, దవాఖానకు పోయొచ్చిండ్రంట గదా. మగ్గం సప్పుడు ఇనబడుతదేమో అని వచ్చిన." కిష్టయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఎడమ పీట మీద అనంతమ్మను చూసి ముఖం విప్పారింది. "అబ్బ, ఎక్కినవా బిడ్డా! మంచి పని చేసినవ్. జాతరకు అందుతదా మల్ల?"

అనంతమ్మ నోట్లో రొట్టె అలాగే ఉంది. తల వంచుకుని ఒక్కసారి మింగేస్తే చాలు, ముసలాయనకు ఏమీ తెలియదు. మింగడం ఆమెకు కొత్తదేమీ కాదు. దీపిక చేతిలోని మిగతా రొట్టెను కొంగు చాటుకు లాక్కుంది. జోగయ్య భార్య వైపు చూశాడు. మింగెయ్యమని ఆ చూపు బతిమాలింది.

అనంతమ్మ మింగలేదు. తలెత్తింది.

"తింటున్న కాకా" అంది, నోట్లో ముద్దతోనే. "తినుకుంట నేస్తున్న. గిట్లయితెనే అందుతది."

కిష్టయ్య నవ్వు ఆగిపోయింది. ఆమె బుగ్గను చూశాడు, దీపిక కొంగును చూశాడు, మగ్గం మీద పరిచిన చీరను చూశాడు. చేతికర్రను గోడకు ఆనించి, జోగయ్య ముందుకు చెయ్యి చాపాడు.

"కత్తెర ఇటియ్యి జోగయ్యా."

జోగయ్య ఆ ముసలి చేతిని చూశాడు. తర్వాత తన కుడి పీటను చూశాడు. దాని పక్కన అనంతమ్మ, నాడె పట్టుకుని, ఇంకా నములుతూనే ఉంది. మిగతాది వచ్చే వారం.